జర్మనీ గూబ

"దిగిందహో... మాది దిగిందహో!"

కేక సందు అడుగునుంచి వచ్చింది. చిట్టినగర్ గట్టు మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కి, మూడు రేకుల కప్పులు దాటి, కోటిలింగం డాబా మీదికి చేరేసరికి ఆ కేక కూడా అలిసిపోయినట్టే ఉంది. అరిచింది యోహాను. ఓడిపోయానన్న ఏడుపు కంటే, హమ్మయ్య ఇక మెడ దించుకోవచ్చన్న సుఖమే అందులో ఎక్కువ వినపడింది. పొద్దున్న ఆరింటి నుంచీ వైశాఖం ఎండలో ఆకాశం వంక చూసినవాడు మరి ఎట్టా అరుస్తాడు!

"రెండూ ఇరవై అయిదు," అన్నాడు దావీదు చేతి గడియారం చూసి.

దావీదు యోహాను బావమరిది. పావురాల పందెంలో ఒక పక్షం మనిషి రెండో పక్షం డాబా మీద సాక్షిగా కూర్చోవాలి. చెరొక పిట్ట. తెల్లారి ఆరింటికి వదలడం. ఎవరి పిట్ట ముందు దిగితే వాళ్లు ఓడినట్టు. అంతే పందెం.

"కోటన్నా, గెలిచేశావు. ఇంక మీ చుక్క పిట్టని దించెయ్యి. ఆకలికి నా కళ్ల ముందు కూడా చుక్కలే ఆడతన్నయ్యి."

కోటిలింగం తల ఎత్తలేదు. "అప్పుడేనా?" అన్నాడు.

తల ఎత్తకుండా ఆకాశం ఎట్టా చూస్తున్నాడయ్యా అంటారా, అదే అసలు సంగతి.

కోటిలింగం ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని చేస్తాడు. మొన్న చైత్రంలో మద్రాసు నుంచి వచ్చిన పాత ఇనుములో అతనికి ఒక దుర్భిణీ దొరికింది. సినిమాల్లో మెడకి తగిలించుకునేది కాదు. ఏడు కిలోల బరువు. రెండు లావుపాటి గొట్టాలు, ముందు అరచేయంత అద్దాలు రెండు. కన్ను పెట్టే కొసలు మాత్రం మోచెయ్యిలాగా పైకి వంగి ఉంటాయి. నుదురు ఆనించడానికి రబ్బరు దిండు కూడా ఉంది. ఎండ కొడితే పక్కనున్న మీట తిప్పాలి, లోపల రంగు అద్దాలు అడ్డం వస్తాయి. ఎవడు చేశాడో గాని, చేసినవాడు చేతులెత్తి మొక్కదగ్గవాడు.

షెడ్డు గేటు దగ్గర కాపలా ఉండే మాజీ హవల్దారు దాన్ని చూడగానే పోల్చాడు. "ఇది జర్మనీ వాళ్లదిరా అబ్బాయ్. యుద్ధంలో విమానాలు దించడానికి వాడేవాళ్లు. ఒకడు ఇందులో చూసి ఎక్కడుందో చెబుతుంటాడు. పక్కనున్న ఫిరంగి దించేస్తుంది."

నెల్లాళ్లు కూర్చుని కోటిలింగం దాని బూజు తుడిచాడు. తుప్పు మరలు విప్పి కొత్తవి బిగించాడు. లేతు మీద మూడు కాళ్ల పీట ఒకటి చేశాడు. చేసి, సరిగ్గా పందెం రోజు తెల్లవారుజామున డాబా మీదికెక్కించి, పావురాలు దిగే పలక పక్కనే నిలబెట్టాడు.

భార్య సామ్రాజ్యం దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేంటయ్యా, పట్టపగలు గుడ్లగూబ వచ్చి కూర్చున్నట్టుంది! ఇంటి మీద గూబ ఉండకూడదంటారు."

"నీకేం తెలుసే! ఇది జర్మనీ గూబ," అన్నాడతను, మురిసిపోతూ.

అప్పుడే ఉస్తాదు కూడా పైకెక్కి వచ్చాడు. ఉస్తాదంటే దూదేకుల నాగూర్ సాహెబు. గట్టు మీద సగం ఇళ్లలో పరుపులు ఆయన కుట్టినవే. మిగతా సగం ఇళ్లలో పావురాల మచ్చిక ఆయన నేర్పినదే. యోహానూ ఆయన శిష్యుడే, కోటిలింగమూ ఆయన శిష్యుడే. డెబ్భై అయిదేళ్లు దాటాయి. రెండు కళ్లకీ శుక్లాలు. పందెం రోజు మాత్రం ఎవరో ఒకరి భుజం పట్టుకుని ఎనభై మెట్లూ ఎక్కుతాడు.

ఆయన దుర్భిణీని చేత్తో తడిమాడు. గొట్టం, వంపు, రబ్బరు దిండు.

"తల దించుకుని ఆకాశం చూడ్డమా? బాగుందిరా. దించుకోవడం వచ్చినవాడికి బాగుంటది."

అని, పొద్దున్నించీ రేకు నీడలో కూర్చుని ఎవరిదో దిండు గలేబు కుడుతున్నాడు. చూపుతో కాదు, వేళ్లతో.

పిట్ట దిగితే గాని ఇంట్లో పొయ్యి మీద కుండ దించకూడదు, ఎవరూ ముద్ద ముట్టకూడదు. పైన అది ఆకలితో తిరుగుతుంటే కింద మనం మింగడమేమిటని ఉస్తాదు ఏనాడో పెట్టిన కట్టుబాటు. ఇంకోటి కూడా ఉంది. ఓడినవాళ్లు తమ ఇంట్లో వండిన కుండ ఎత్తుకుని గెలిచినవాళ్ల గడప తొక్కాలి. రెండు కుండలూ ఒక్కచోట దించి అందరూ కలిసి తినాలి. పందెం మొత్తానికి బహుమతి అదే.

కాబట్టి యోహాను కేక విని సామ్రాజ్యం పైకి వచ్చింది. చేతిలో మసిగుడ్డ.

"ఇంకనన్నా కుండ దించమంటావా?"

"ఆగవే. నాలుగుంబావు దాటనీ."

నాలుగుంబావు ఏమిటని ఆమె అడగలేదు. గట్టు మీద అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఉస్తాదుగారి నల్ల పావురం పదింబావు గంటల సేపు ఆకాశంలో నిలిచింది. ఆ మాట చెప్పకుండా ఇక్కడ పావురాల కబురు మొదలవదు. పదేళ్ల నుంచి కోటిలింగం ఎన్ని పందేలు గెలిచినా, "పరుపుల తాత శిష్యుడు గెలిచాడంట" అనేవాళ్లే గాని, కోటిలింగం గెలిచాడని ఒక్కడూ అనలేదు. ఆరింటికి వదిలిన చుక్క నాలుగుంబావు దాటిందా, ఇక తాత పేరు పక్కకి జరగాల్సిందే. మనిషికి ఆ మాత్రం ఆశ ఉండదూ!

"రెండింటికి ఒకసారి మసిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను," అంది సామ్రాజ్యం. "కిందికి వచ్చింది, వచ్చిందని నువ్వే అరిచావు. కుండ చెవి పట్టుకునేసరికి మళ్లీ లేచిందన్నావు. అడుగంటిన వాసన వీధంతా కొడతంది."

నిజమే. సరిగ్గా రెండింటికి చుక్క కరెంటు స్తంభమంత ఎత్తుకి వచ్చింది. పలకకి బారెడు దూరంలో రెక్కలు టపటప కొట్టుకుని, మళ్లీ పైకి లేచిపోయింది. కోటిలింగం గంతేశాడు. "చూశావా దావీదూ, దాని దమ్ము! దిగినట్టే దిగి ఇంకా ఉందిలే నాలో అని లేచింది. రాసుకో!" దావీదు కాగితం మీద రాసుకున్నాడు కూడా.

"తెల్ల పిట్టని చూపించరాదా, దిగుతుంది," అంది సామ్రాజ్యం. గంప కింద మచ్చిక చేసిన తెల్ల పావురం ఒకటి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని రెక్కలాడిస్తే పైనున్నది చూసి వచ్చేస్తుంది.

"గంప ముట్టుకున్నావంటే ఊరుకోను."

ఆమె మసిగుడ్డ భుజాన వేసుకుని కిందికి దిగిపోయింది. ఆ దిగడంలోనే ఎంత విసుగు ఉండాలో అంతా ఉంది.

ఎండ డాబా మీద పెనం మీద నూనెలాగా కదులుతోంది. దావీదు గోడకి చేరగిలబడి, తెరిచిన నోరు మూయకుండా కునుకు తీస్తున్నాడు. కోటిలింగం నుదుటి చెమట రబ్బరు దిండు మీద జారుతోంది. చేతులు తిమ్మిరెక్కాయి. ఒక కన్ను నీరు కారుతోంది. అయినా గాజులో నీలిరంగు మధ్య నువ్వు గింజంత తెల్ల చుక్క తిరుగుతూనే ఉంది. అది ఎటు తిరిగితే దుర్భిణీ అటు తిప్పుతున్నాడు. మూడు కాళ్ల పీట కిర్రుమనకుండా తిరుగుతోంది. తన పనితనమే మరి.

"ఏం చేస్తందిరా?" అన్నాడు ఉస్తాదు.

"ఎగరతంది ఉస్తాదూ. రెక్క రెక్కా లెక్కపెట్టి చెప్పమన్నా చెబుతాను. ఎటు పోయినా వదిలేది లేదు."

"నువ్వు దాన్ని చూస్తన్నావు, సరే. అది దేన్ని చూస్తందిరా?"

"దేన్నేముంది, ఆకాశాన్ని."

ఉస్తాదు సూది గుచ్చాడు. దారం లాగాడు.

మూడుకి అయిదు నిమిషాలుందనగా చుక్క మళ్లీ దిగివచ్చింది. ఈసారి కోటిలింగం అరవడమే ఆలస్యం, కింద సామ్రాజ్యం మసిగుడ్డతో పొయ్యి దగ్గరికి ఉరికింది. పిట్ట డాబా మీద ఒక చుట్టు చుట్టింది. కోటిలింగం దుర్భిణీని దానితో పాటే గిర్రున తిప్పాడు. రెండు అద్దాలూ నీలంగా మెరిశాయి. చుక్క పక్కకి కొట్టుకుని, మళ్లీ గట్టు దాటి పైకి పోయింది.

"లేచింది! మళ్లీ లేచింది!"

కిందనుంచి సామ్రాజ్యం గొంతు. "నాకా మాట కుండ పట్టుకున్నాక చెప్పకయ్యా, చేతులు కాలతన్నయ్యి!"

దావీదు లేచి కూర్చున్నాడు. "అన్నా, మాయింట్లో కూడా కుండ దించి నెత్తిన పెట్టుకుని మీ పిట్ట కోసమే చూస్తన్నారు. మా అక్కకసలే మెడ నొప్పి. నీ చుక్కకి మా మీద కోపమేమన్నా ఉందా?"

"చరిత్రరా ఇది. కాస్త ఓర్చుకో."

"చరిత్రలో అన్నం ఉండదా?"

మూడున్నర దాటింది. మూడోసారి వచ్చింది చుక్క. ఈసారి మరీ దగ్గరికి వచ్చింది. కోటిలింగానికి దుర్భిణీలో దాని కన్ను చుట్టూ ఎర్రటి గీత కూడా కనిపించింది. పలక మీద దాని నీడ పడింది. టపటపా రెక్కల చప్పుడు. అంతలోనే మళ్లీ లేదు.

ఉస్తాదు తల పక్కకి వంచి ఆ చప్పుడు విన్నాడు.

"ఎన్నోసారిరా ఇది?"

"మూడోసారి."

"కాళ్లు చాపిందా?"

"చాపింది ఉస్తాదూ. చాపి మళ్లీ ముడుచుకుంది. అదీ దమ్మంటే! మీ నల్లది కూడా ఇంత చేసి ఉండదు." ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. కాని పదేళ్లుగా కడుపులో ఉన్న మాట, ఎండకి పగిలి బయటికొచ్చేసింది.

ఉస్తాదు నొచ్చుకున్నట్టు లేదు. ఆఖరి కుట్టు వేశాడు. దారం పంటితో కొరికాడు. గలేబుని ఒకసారి దులిపాడు. మోకాలు మీద చెయ్యి పెట్టి, "యా అల్లా" అనుకుంటూ లేచాడు. తడుముకుంటూ మెల్లగా దుర్భిణీ దగ్గరికి వచ్చాడు.

"టైమెంతయ్యా దావీదూ?"

"నాలుగూ అయిదు తాతా."

"ఇంక పది నిమిషాలే ఉస్తాదూ," అన్నాడు కోటిలింగం. "పదే పది."

ఉస్తాదు గలేబు నోరు విప్పి, చిన్నపిల్లకి చొక్కా తొడిగినట్టు, ఆ రెండు గొట్టాలకీ కలిపి తొడిగేశాడు. అద్దాలు రెండూ లోపలికి పోయాయి. కొత్త గుడ్డ, నీలం పువ్వులు.

"అయ్యో ఉస్తాదూ! ఏంటిది! పిట్ట కనబడదు!"

"పొద్దున్నించీ రెప్ప వెయ్యలేదు గదరా ఇది. కాసేపు పడుకోనీ."

కోటిలింగం గలేబు లాగబోయాడు. దాని మీద ఉస్తాదు చెయ్యి ఉంది. ముసలి చెయ్యి, దూది ఏకి ఏకి ఎముకలు తేలిన చెయ్యి. దాన్ని పక్కకి తోసెయ్యడం ఎంత పని? కాని మొట్టమొదట పావురాన్ని ఎట్టా పట్టుకోవాలో అతని వేళ్లు సర్ది చూపించింది ఆ చెయ్యే. కోటిలింగం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అక్కడే డాబా మీద కూలబడ్డాడు. పొద్దున్నించీ మొదటిసారి కూర్చోవడం అది.

అప్పుడు తల ఎత్తి వట్టి కళ్లతో చూశాడు. ఏమీ కనపడలేదు. తెల్లటి ఎండ తప్ప.

ఒక నిమిషం. ఇంకో నిమిషం.

మెత్తని చప్పుడు. పలక మీద చుక్క.

ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో. వచ్చీ రాగానే కడుపు పలక మీద ఆనించి కూర్చుండిపోయింది. ముక్కు తెరిచి ఉంది. రెక్కలు రెండూ జారి, తడిసిన బట్టల్లాగా వేలాడుతున్నాయి. జానెడు దూరంలో నీళ్ల చిప్ప ఉంటే దాని వంక కూడా చూడలేదు.

"నాలుగూ ఏడు!" దావీదు కాగితం తీశాడు. కింద ఇల్లు వినేలా నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడు. "అయ్యో అన్నా, ఎనిమిది నిమిషాల్లో పోయింది తాత రికార్డు. అయినా పందెం నీదేలే."

కోటిలింగం లేచి వెళ్లి చుక్కని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బరువే లేదు. గుండె మాత్రం వేలికింద దడదడా కొట్టుకుంటోంది. నీళ్లు పట్టిద్దామని ఇటు తిరిగాడు.

అప్పుడు కృష్ణ మీదనుంచి పైరగాలి ఒక విసురు విసిరింది. గలేబు అంచు లేచింది. ఒక అద్దం బయటపడి, ఇటే చూసింది.

చుక్క గోళ్లు అతని అరచేతిలో దిగాయి. లేవడానికి సత్తువ లేని రెక్కలు లేచి కొట్టుకున్నాయి.

కోటిలింగం అట్లాగే నిలబడిపోయాడు. అరచేతిని చూసుకున్నాడు. అద్దాన్ని చూశాడు. ఇంకో చేత్తో గలేబు అంచు మెల్లగా కిందికి లాగి, చుట్టూ తాడు కట్టాడు. గోళ్లు వదిలాయి.

ఉస్తాదు మళ్లీ రేకు నీడకి పోయి సూది, దారం సర్దుకుంటున్నాడు. ఇటువైపు చూడనే లేదు.

"ఎంతని రాయమంటావన్నా? నాలుగూ ఏడేగా?"

"రెండు," అన్నాడు కోటిలింగం.

"రెండేంటి?"

"రెండింటికి దిగిందని రాయి. నేనే దిగనివ్వలా."

దావీదు కలం ఆగిపోయింది. కోటిలింగం మొహం చూశాడు, గలేబు తొడిగిన దుర్భిణీని చూశాడు, మళ్లీ మొహం చూశాడు. "మాది రెండూ ఇరవై అయిదు గదా. అంటే మా బావ గెలిచినట్టన్నా."

"అవును."

"తాత రికార్డు మాటో?"

"అది తాతదే. రాయవయ్యా, ఆకలన్నావుగా."

గుమ్మంలో సామ్రాజ్యం నిలబడి ఉంది. అంతా విన్నది. "ఈసారి నిజంగా దించనా?" అంది.

"దించు. దించి నెత్తిన పెట్టుకో. యోహాను ఇంటికి పోదాం."

అట్లా బయల్దేరారు. ముందు కుండతో సామ్రాజ్యం, వెనక మామిడికాయ పప్పు గిన్నెతో దావీదు, ఆ వెనక ఉస్తాదు చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టే దించుతూ కోటిలింగం. ఎనభై మెట్లలో నలభై దిగారో లేదో, కుళాయి దగ్గర మలుపులో ఎదురుపడ్డాడు యోహాను. ఈల విని పెళ్లాన్ని తీసుకుని ఎక్కొస్తున్నాడు. ఆవిడ నెత్తి మీదా కుండే.

"ఇదేంటి, మీరు దిగుతున్నారేంటి?" అన్నాడు యోహాను రొప్పుతూ. "ఓడింది మేమయితే!"

"ఓడింది నేను. నాది రెండింటికే దిగటానికి వచ్చింది. ఆ గూబని చూసి భయపడి దిగలేకపోయింది. నేను దమ్మనుకున్నా."

యోహాను నోరు తెరిచాడు. వెక్కిరించడానికి అంత మంచి అదను జన్మలో రాదు. కాని కోటిలింగం ఎర్రబడిన కళ్లు, నుదుటి మీద రబ్బరు దిండు ముద్ర చూసి నోరు మూసుకున్నాడు. "అయితే పదండి, మా ఇంటికి దిగుదాం," అన్నాడు.

"నువ్వు అంత దూరం ఎక్కొచ్చావు. ఇంకో నలభై మెట్లేగా, మా ఇంటికే పదరాదూ," అన్నాడు కోటిలింగం.

"గెలిచినోడి గడప తొక్కాలయ్యా. కట్టుబాటు," అన్నాడు యోహాను.

"అయితే ఎక్కిన నలభై మెట్లూ ఈ కుండతో నువ్వే దిగు," అంది యోహాను భార్య. "కుండ నాది, మాటలు నీవి."

వాళ్లు ఇట్లా వాదించుకుంటుంటే ఉస్తాదు కోటిలింగం చెయ్యి వదిలి, గోడ తడుముకుంటూ కుళాయి పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"నా మోకాళ్లకి ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు," అన్నాడు.

ముందు యోహాను భార్య కుండ దించింది. సామ్రాజ్యం కూడా దించింది. దావీదు ఎవరింట్లోంచో విస్తళ్లు పట్టుకొచ్చాడు. కోటిలింగం కుళాయి తిప్పి చెంబు నింపాడు. ముందు ఉస్తాదు చేతుల మీద పోశాడు. తర్వాత యోహాను చేతుల మీద పోశాడు. అన్నం అడుగంటిన వాసన వేస్తోంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"అవునూ, ఆ జర్మనీ దుర్భిణీ ఏదీ?" అన్నాడు యోహాను. "ఒకసారి చూద్దామనుకున్నా."

"పడుకుంది," అన్నాడు కోటిలింగం.

మెట్ల మీద వరసగా కూర్చున్నారు, పై మెట్టు వాళ్ల మోకాళ్లు కింది మెట్టు వాళ్ల వీపులకి తగిలేట్టు. ఉస్తాదు కలపబోయిన ముద్ద ఆపి, కనపడని కళ్లతో అటూ ఇటూ వెతికాడు.

"అందరూ దిగినట్టేనా?"

"దిగాం ఉస్తాదూ," అన్నాడు కోటిలింగం.

"అయితే తినండి."